మాట వినుట



క్రైస్తవ జీవితమునందు దైవభక్తి, విధేయత అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నన్ను కోరిరి. నేను గురుపట్టము పొందిన బోధకుడను కాను. ముప్పది నాలుగేండ్లు అనంతపురము సీమలోని బడులలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. పుట్టుకచేత క్రైస్తవుడను, చదువుచేత అమరమును, బాలవ్యాకరణమును వల్లించినవాడను. కావున వేదికమీద నిలిచి బోధించుట నాకు చేతగాదు. సాయంకాలమున రచ్చకట్టమీద మీ ప్రక్కన కూర్చుండి మాటలాడినట్లు మాటలాడెదను. మీలో క్రైస్తవులు కానివారును పలువురుందురు. వారికిని పనికివచ్చు మాటయే ఇది యని నా నమ్మకము.

మన యింటి మాటతోనే మొదలుపెట్టుదము. అల్లరిపిల్లవానిని గూర్చి తల్లి యేమనును? “వీడు చెప్పిన మాట వినడు” అనును. ఆ పిల్లవాని చెవులకు లోపమేమియు లేదు. వంటయింటిలో బెల్లపు డబ్బా మూత తీసిన చప్పుడు వీథిలో ఆడుకొనుచున్న వానికి వినబడును. అయినను వాడు మాట వినడనియే తల్లి యనును. మనము “మాట విన్నాడు” అన్నచో, ఆ మాట ప్రకారము చేసినాడని అర్థము. శాస్త్రములలో విధేయతకు ఎన్ని లక్షణములు చెప్పినను, పల్లెటూరి తల్లి నోట దానికి గల పేరు ఇదియే: మాట వినుట.

నేను చిన్నతనమున అమరము చదివినది ఒక శ్రీవైష్ణవ పండితుని యింటి అరుగుమీద. మా కులమువానిని అరుగెక్కనిచ్చినందుకు ఊరు గొణిగినది. ఆయన ఊరి మాట వినలేదు. ఒకనాడాయన “శుశ్రూష అనగా నేమిరా?” అని నన్నడిగెను. “సేవ, స్వామీ” అంటిని. “అది పండు. విత్తు ఏది?” అనెను. నేను నోరు మెదపలేదు. అప్పుడాయన ఇట్లు విప్పి చెప్పెను. శ్రు అను ధాతువునకు వినుట అని అర్థము. శుశ్రూష యనగా మొదట వినవలెనను కోరిక. ఆ కోరిక గలవాడు గురువును విడిచి పోలేడు, దగ్గరనే యుండును, ఉండి నీళ్లు తెచ్చును, కాళ్లొత్తును. అందుచేతనే వినుకోరికకు సేవ యను అర్థము వచ్చి చేరినది. అమరసింహుడు విధేయునకు చెప్పిన పేరులలో ఆశ్రవుడు అనునది యొకటి. అదియు ఆ ధాతువు కడుపున పుట్టినదే.

తరువాతి కాలమున బైబిలు భాషలను గూర్చి కొంత తెలిసికొన్నప్పుడు నాకు ఆశ్చర్యము కలిగెను. పాతనిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలో వినుటకును, లోబడుటకును ఒక్కటే క్రియ. క్రొత్తనిబంధన వ్రాయబడిన గ్రీకులో విధేయతకు వాడిన మాట లోపలను వినుటయే యున్నది. లాటినులోను అంతియే. ఏ దేశపు తల్లియైనను మన తల్లివలెనే పలికినది కాబోలు!

ఈ సందర్భమున మన సీమకు చెందిన ఒక సంగతి చెప్పవలసి యున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి యేసుసభ గురువులు ఈ కరువునేలకు వచ్చి, కృష్ణాపురము మొదలగు చోట్ల మఠములు కట్టుకొని యుండిరి. వారిలో 1732లో ఇండియాకు పంపబడిన గాస్తోన్ కేర్దూ అను నాయన ఒకడు. ఆయన వచ్చినది బోధించుటకు. కాని తెలుగు రాక బోధ యెట్లు? సంస్కృతము తెలియక పండితులతో ప్రసంగమెట్లు? చెప్పవచ్చినవాడు ఏండ్ల తరబడి వినవలసి వచ్చెను. అట్లు వినగా వినగా సంస్కృతమునకును, లాటిను గ్రీకు భాషలకును చుట్టరికమున్నదని ఆయన చెవికి తట్టెను. ఆ సంగతి 1767లో పారిసు నగరపు విద్వత్సభకు వ్రాసి పంపెను. విలియం జోన్సు దొర కలకత్తాలో అదే మాట చెప్పినది 1786లో. అనగా పందొమ్మిదేండ్లు తరువాత. “చెప్పేవానికి వినేవాడు లోకువ” అని మనలో సామెత యున్నది. విన్నవాడు పొందిన దేమో ఈ కథ చెప్పుచున్నది.

ఇక భక్తి మాట. తెలుగు బైబిలు చదివినవారికి భయభక్తులు అను జంటపదము బాగుగా తెలియును. దేవునియెడల మనుష్యునకు ఉండవలసిన దానిని మన అనువాదకులు ఒక్క మాటతో చెప్పజాలక, రెండు మాటలను కాడికి కట్టినట్లు కట్టిరి. భయము ఒక ఎద్దు, భక్తి ఒక ఎద్దు. ఒకటి వెనుకబడినచో చాలు వంకరపోవును.

భయము మాత్రమే యున్న నేమగునో పాఠశాలలో పనిచేసినవానికి తెలియును. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో బెత్తము పట్టుకొని తరగతిలోనికి పోయెడివాడను. నేనున్నంతసేపు చీమ చిటుక్కుమనిన వినబడెడిది. నేను గడప దాటగానే సంత. నా భయము నాతోనే వచ్చి నాతోనే పోయెడిది. పిల్లల యొద్ద ఏమియు మిగిలెడిది కాదు. బెత్తమునకు లోబడినవాడు బెత్తము లేనిచోట లోబడడు. దేవుని పోలీసుగా ఎంచువాని భక్తియు ఇట్టిదే. కరువు వచ్చినప్పుడు గుడికి పోవును, వాన పడగానే మరచిపోవును.

భయము లేని భక్తియు అంతే. దేవుడు నావాడే కదా యని చనవు మీరి, ఆయన పేరున ప్రమాణము చేసి అప్పు ఎగగొట్టువాడు మన ఊరులలో లేడా? పాట పాడును, కన్నీరు కార్చును, పొరుగువాని గట్టు జరుపును.

మరి భయభక్తులు కలిసి యుండు విధ మెట్టిది? రైతునకు దీనిని వేరుగా నేర్పనక్కరలేదు. విత్తనపు కాయల మూటను గుర్తు తెచ్చుకొనుడు. ఎండకాలము చివర యింటిలో గింజ లేదు. పిల్లలు ఆకలి యని యేడ్చుచున్నారు. అటుకమీద మూటలో వేరుశనగ విత్తనము ఉన్నది. దానిమీద చేయి వేయుటకు రైతునకు భయము. ఆ మూట యెవరినైనను కొట్టునా? తిట్టునా? లేదు. దానిమీద ప్రాణము పెట్టుకొన్నాడు కనుకనే దానిని పాడుచేయుటకు భయపడుచున్నాడు. ప్రియమైనదానిని పోగొట్టుకొందునేమో అను నట్టి వణకే భయభక్తులు. ఇది యజమానియెడల బానిసకుండు వణకు కాదు.

ఈ విత్తనపు మూటను తలచినప్పుడెల్ల నాకు సారెపతు విధవరాలు జ్ఞప్తికి వచ్చును. ఆమె కథ మొదటి రాజుల గ్రంథమున ఉన్నది. మన సీమవారు చదువవలసిన కథ యది. మన మెరకనేలకు సంవత్సరమునకు పడు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా ఇరువదిరెండు అంగుళములకు లోపు. పడమటినుండి వచ్చు మేఘములను సహ్యాద్రి అడ్డగించును; తూర్పు మేఘములు మనదాక వచ్చుసరికి డస్సిపోవును. 1876లో మొదలైన ధాత కరువును మన తాతలు ముత్తాతలు కథలుగా చెప్పుకొనిరి. ఏలీయా ప్రవక్త కాలమున ఇశ్రాయేలు దేశమునకును అట్టి అనావృష్టి పట్టెను. దేవుడు అతనిని కెరీతు వాగు ఒడ్డున ఉండుమనెను. అతడు పోయి ఉండెను. కాకోలములు ఆహారము తెచ్చుచుండెను. కొంతకాలమునకు ఆ వాగును ఎండిపోయెను.

పెద్దలారా, ఇక్కడ ఒక్క క్షణము నిలువుడు. మాట విన్న ప్రవక్త త్రాగు వాగు కూడ ఎండినది. ఆజ్ఞ మీరిన అహాబు రాజునకు కరువు, ఆజ్ఞ పాలించిన ఏలీయాకు వాన అని ఆ కథలో లేదు. ఇరువురిమీదను ఒకే ఎండ కాచెను. దేవునికి లోబడుదును, నాకు వాన కురిపించుము అని బేరమాడువారు ఈ వాగు ఎండిన సంగతి చదువరు.

వాగు ఎండిన పిమ్మట దేవుడు అతనిని సీదోను దేశపు సారెపతుకు పంపెను. అక్కడ ఒక పేద విధవరాలు పుల్లలు ఏరుకొనుచుండెను. ఆమెకున్నది తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె. తానును కుమారుడును ఆ పూటకు తిని, ఆ మీద చచ్చుటకు సిద్ధమైయుండిరి. ప్రవక్త మొదట తనకొక చిన్న అప్పము చేయుమనెను. ఎంత కఠినమైన మాట! ఆమె పోయి చేసెను. వర్షము వచ్చువరకు ఆ పిండి తరుగలేదు. గమనింపుడు: గాదె నిండినదని చెప్పలేదు. తొట్టి అడుగున ఏ పూటకు ఆ పూట పట్టెడు ఉండెనని మాత్రమే కథ. రేపటికి నమ్మకమే కాని నిలువ లేదు.

ఈ తత్త్వమును మన తెలుగునాట ఆచరణలో చూపినవారు లేకపోలేదు. అదే ధాత కరువులో, ఒంగోలున అమెరికా బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ దొర, బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని యిచ్చెను. వేలకొలది జనులు మేము క్రైస్తవులమగుదుమని ముందుకు వచ్చిరి. ఆయన ఒప్పుకొనలేదు. కరువు సహాయము జరుగుచున్నంత కాలము ఎవ్వరికిని బాప్తిస్మము ఈయలేదు. కూటికొరకు వచ్చినవా రెవరో, మాట విని వచ్చినవా రెవరో తేలవలెనని ఆయన యెంచెను. సహాయము ముగిసిన పిమ్మట, కూలియు గింజయు దొరకవని తెలిసియు వారు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యేటిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఖ్య పెద్దదని నేను దీనిని చెప్పుట లేదు. బేరము తీసివేసిన పిమ్మట మిగిలినదే విధేయత యని చెప్పుటకు చెప్పుచున్నాను.

దోర్నకలులో 1912లో బిషప్పైన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు. వారి మేత్రాసనమునందలి పల్లెలలో పేదస్త్రీలు వంటకు గింజలు తీయునప్పుడెల్ల ఒక పిడికెడు దేవునికని వేరుకుండలో వేసెడివారు. మా సీమలో మా తల్లియు అట్లే చేసెడిది. బియ్యమునకు బదులు కొర్రలో, జొన్నలో. మాకు చాలినంత లేని దినములలోను ఆ పిడికెడు ఆగలేదు. చిన్నతనమున నాకు అది పిచ్చితనముగా తోచెడిది. ఆమెకు చదువు రాదు. సారెపతు కథను విన్నది. విన్నది కనుక చేసినది.

ఇంతవరకు చెప్పినది ఇతరుల కథ. ఇక నా కథ చెప్పక తప్పదు. చెప్పనిచో ఈ ప్రసంగమునకు నాకు అర్హత లేదు.

క్రీస్తు చెప్పిన ఉపమానములలో ఇద్దరు కుమారుల ఉపమానము ఒకటి కలదు. తండ్రి పెద్దవానిని ద్రాక్షతోటలో పనికి పొమ్మనెను. వాడు పోనని చెప్పి, తరువాత మనసు మార్చుకొని పోయెను. రెండవవానికిని అట్లే చెప్పెను. వాడు పోయెద నయ్యా యని పలికి, పోలేదు. ఈ యిద్దరిలో తండ్రి మాట విన్నవా డెవడని క్రీస్తు అడిగెను. ఆ రెండవ కుమారుడను నేను.

2002లో వానలు తప్పినవి. వేరుశనగ నేలలోనే మాడెను. మరుసటి వేసవికి మా పల్లెలో బావులన్నియు అడుగంటెను. ప్రభుత్వము మా తండ్రికి ఇచ్చిన మూడెకరముల చేనిలో, నా జీతముమీద అప్పు తీసి వేయించిన బోరు ఉండెను. దాని క్రింద ఎకరమున్నర చీనీతోట. ఆ వేసవిలో నీరు పోయుచున్న బోరు ఆ చుట్టుప్రక్కల మాదొక్కటియే. అదియు రాత్రి కరెంటు వచ్చిన మూడు నాలుగు గంటలు మాత్రమే, సన్ననిధార.

మా చేని ప్రక్క చేను ఒక పెద్దకులపు రైతుది. వారి తాత, మావారిని ఊరిబావి దరికి రానీయక కట్టె పట్టుకొని నిలిచినవాడు. మా తాత దూరమున కుండతో నిలువబడి, ఎవరైనను దయతలచి పోసిన నీరు పట్టుకొని పోయెడివాడు. ఈ కథను నేను తల్లిపాలతో త్రాగితిని. అట్టి యింటి మనుమడు ఒక బుధవారము సాయంకాలము మా వాకిట నిలిచి, తల వంచుకొని, “పెద్దప్పా, ఎద్దులు రెండు దినాలుగా నీళ్లు లేక పడి ఉండాయి” అని మా తండ్రితో చెప్పి పోయెను.

అప్పుడు మా తండ్రికి డెబ్బది యెనిమిదేండ్లు. వేసవి సెలవులకు నేను ఊరిలోనే యుంటిని. “ఈ రాత్రి కరెంటు వస్తూనే ముందు ఆయప్ప తొట్టికి నీళ్లు వదులు, తర్వాతనే చీనీకి” అనెను. “వాళ్ల తాత మన తాతకు ఒక్క చెంబు పోసినాడా నాయనా?” అంటిని. “దప్పిగా ఉండేది ఎద్దులప్పా, వాళ్ల తాత కాదు” అనెను. నేను మరి మాటలాడలేక “అట్లే నాయనా” అంటిని.

ఆ రాత్రి నీరు చీనీచెట్లకే పారెను. ఆకులు ముడుచుకొన్న చెట్లను చూచి, రేపు వదులుదమనుకొంటిని. గురువారము రాత్రియు రేపు అనుకొంటిని. శుక్రవారము రాత్రియు అంతియే. నేను కాదనలేదు, రేపు అంటిని. శనివారము ఆ రైతు తన జతను సంతకు తోలుకొనిపోయి, వచ్చిన వెలకు అమ్ముకొనెను. ఎముకలు బయటపడిన ఎద్దులను కరువులో కొనువా డెందుకు కొనునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆదివారము మా చిన్న ప్రార్థనాలయములో పాఠము చదువు వంతు నాది. ఆనాటికి ఏర్పడిన పాఠము ఆ యిద్దరు కుమారుల ఉపమానమే. నేను దానిని పండితుడు చదువవలసినట్లు, ఎక్కడ ఆగవలెనో అక్కడ ఆగి, స్పష్టముగా చదివితిని. నా గొంతు ఎక్కడను తొట్రుపడలేదు. నన్ను ఇప్పటికిని బాధించునది అదియే.

ఆ రాత్రి మెలకువ వచ్చి చూడగా మంచముమీద మా తండ్రి లేడు. చేనికి పోయితిని. బోరు గొట్టము క్రింద బిందె పెట్టి, నిండిన దానిని భుజమున కెత్తుకొని, తడబడుచు ఆ రైతు తొట్టికి మోయుచుండెను. ఎద్దులు పోగా అక్కడ ఒక్క ఆవు మిగిలి యుండెను. నేను పరుగెత్తి బిందె అందుకొంటిని. ఆయన నన్ను తిట్టలేదు. ఈ మాట మాత్రము అనెను: “నువ్వు అట్లే అంటివి. నీ మాట నమ్మి నేను నాలుగు రాత్రులు నిద్రపోయినా. కాదని ఉంటే ఆ రాత్రే నేను మోసి ఉందును.”

పెద్దలారా, ఏండ్ల తరబడి చదువుకొన్న చదువులో నాకు దొరకని అర్థము ఆ మాటలో దొరకెను. నేను కాదని యున్నచో ఆ ఎద్దులు బ్రతికియుండెడివి. అవునని పలికి చేయకపోవుటచేత, చేయదలచినవాని చేతులను కూడ కట్టివేసితిని. మనము దేవాలయములో ఆమేన్ అని పలుకుదుము. ఆ ఆమేన్ విని, ఈ పని జరుగునని నమ్మి నిద్రించువారు ఉందురు. చేయని ఆమేన్ పొరుగువాని కొట్టమును ఖాళీ చేయును.

మరునాడు తొట్టివరకు గొట్టము వేయించితిని. ఆ వేసవిలో మా చీనీచెట్లు పదునొకండు ఎండిపోయినవి. ఆ రైతు రెండేండ్లు బెంగుళూరికి కూలికి పోయి వచ్చెను. నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియున్నచో నా మనస్సు కొంత తేలికపడెడిది.

ఇక్కడ మరొక సంగతి చెప్పక విరమింపరాదు. విధేయత అను మాటను పెద్దలమైన మనము ఎంతయో దుర్వినియోగము చేసితిమి. బావి దరికి రాకుమని ఒక కులమువారితో చెప్పి, వారు లోబడియుండుటను మర్యాద యని పిలిచినదియు ఈ రచ్చకట్టయే. ఆడుబిడ్డ బడికి పోవుదునన్న, పెద్దల మాట వినవలెనని ఆపినదియు ఇదియే. పేతురును తక్కిన అపొస్తలులును యెరూషలేము పెద్దల సభ యెదుట నిలిచి, మనుష్యుల మాటకన్న దేవుని మాటకే లోబడవలెనని చెప్పిరి. నన్ను అరుగెక్కించిన మా గురువుగారు ఊరి మాట వినకపోవుటయే వారి విధేయత. ఎవని మాట వినవలెను, ఎవని మాట వినరాదు అను వివేకము భయభక్తులలోని భాగమే.

మన అనంతపురమున అందరును ఎరిగిన విన్సెంట్ ఫెర్రరుగారి జీవితమును ఇట్లే చూడవచ్చును. స్పెయిను దేశమున పుట్టిన ఆయన యేసుసభవాడుగా 1952లో ఇండియాకు వచ్చెను. మహారాష్ట్రలోని మన్మాడున పనిచేయుచుండగా 1968లో దేశము విడువవలసివచ్చి, 1969లో తిరిగివచ్చి మన కరువుసీమను ఎన్నుకొనెను. 1970లో యేసుసభను వీడెను. ఆ సభలో విధేయత ఒక వ్రతము. ఆయన చేసినది విధేయతయో, కాదో తీర్పు చెప్పుటకు నేను చాలను. కాని ఇండ్లు, బడులు, నీటి పనులు, బత్తలపల్లి ఆసుపత్రి మన కన్నుల యెదుట ఉన్నవి. 2009 జూన్ 19న మరణించి, ఆ బత్తలపల్లి మట్టిలోనే ఆయన నిద్రించుచున్నాడు. ఆకలిగొన్నవానిని గూర్చిన క్రీస్తు మాటను ఆయన చెవులు వినెను, చేతులును వినెను.

క్రైస్తవుడు విధేయుడు కావలెనని చెప్పుటకు నాకు తెలిసిన ఆధారము ఒక్కటే. మనము ఎవరికి లోబడుచున్నామో, ఆ క్రీస్తు తానే మొదట లోబడెను. గెత్సేమనే తోటలో ఆయన ఆ గిన్నె తొలగిపోవలెనని ప్రార్థించెను. అనగా ఆయనకును ఇష్టము లేకపోయెను, అది దాచుకొనలేదు. అయినను తండ్రి చిత్తమునకే తన్ను అప్పగించుకొని లేచి పోయెను. ఇష్టమున్నప్పుడు చేయుట సులభము. మొదట మనసు కాదన్నను, లేచి నడచినవాని కాళ్లే మాట విన్న కాళ్లు.

కాబట్టి మన యిండ్లలో పిల్లలు మాట వినుట లేదని మనము విసుగుకొనునప్పుడు, మనము వినని మాట లేవి యని లెక్కింపవలెను. ఇచ్చెదమని యియ్యని కూలి, వదలెదమని వదలని నీరు, క్షమించితిమని పలికి క్షమింపని పగ, వీనిలో ఒక్కటియైనను ప్రతివానికి ఉండును. దానిని ఈ రాత్రికే తీర్చుడు. తీర్చుటకు మనస్సు రానిచో, కాదని స్పష్టముగా చెప్పుడు. ఇంకొకడైనను బిందె ఎత్తుకొనును.

మా తండ్రి 2006లో గతించెను. ఆ బోరు ఎండి చాలకాలమైనది. తొట్టి మాత్రము అక్కడనే యున్నది. ఊరికి పోయినప్పుడెల్ల దాని ప్రక్కగా నడచిపోయెదను. నేను పలికిన “అట్లే” అను మాట ఇంకను అక్కడనే నిలిచి యుండును.

ఓపికతో నా మాట వింటిరి. ఇది చెవితో వినుట. తక్కిన వినుట మీ చేతులలో నున్నది. సెలవు.